డ్రాగన్ ఎక్కి వచ్చినా అడగాల్సిందే!

దసరా సెలవులకు మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి వచ్చింది. సంచిలో బట్టలకంటే బరువైన ఇంగ్లీషు నవల ఒకటి. రెబెక్కా యారోస్ రాసిన 'ఫోర్త్ వింగ్'. 2023లో వచ్చిందట.

"ఏమున్నదే దీంట్ల?" అనడిగాను.

"డ్రాగన్లు, యుద్ధం, ప్రేమ... నీకు సమజ్ కాదులే చిన్నమ్మా" అంది.

నవ్వొచ్చింది. నేను రాసేవే మాయల కథలు! ఆమధ్య ఓ వారపత్రిక వాళ్లు నా కథను "పిల్లల పేజీకి పంపండి" అని తిప్పి పంపారు. అందులో నాయిక ముప్పయ్యేళ్ల ఇల్లాలు! మాయ ఉంటే పిల్లల కథ, ప్రేమ ఉంటే ఆడవాళ్ల కాలక్షేపం. రెండూ ఉంటే చదవనే అక్కర్లేదన్నమాట.

కానీ లోకం చదువుతోంది. ఈ వరుసలో మూడో నవల 'ఓనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో వచ్చి, మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు దాటింది. ఇలాంటి నవలలు రాసేదీ, చదివేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

మనకిదేమన్నా కొత్తా? పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో అసలు రంభకూ మాయ రంభకూ తగువు పెట్టాడు. అందులోనే సుగాత్రి కథ ఉంది. నగలు పెట్టుకుని వస్తే పట్టించుకోని భర్త శాలీనుడు, ఆమె తనతోపాటు తోటపనికి దిగి చెమటోడిస్తే మనసు పారేసుకుంటాడు. ఇక బాలనాగమ్మ సంగతి తెలిసిందే. 1942లో సినిమాగా వచ్చింది, అంతకుముందు నుంచే జనం నోట ఉన్న కథ. మాయల ఫకీరు ఎత్తుకుపోయినా, నోము పట్టానని గడువు పెట్టి వాణ్ణి దూరంగా ఉంచిందా తల్లి. మంత్రం వాడిది, తెలివి ఆమెది!

ఆ నవల నేనూ చదివాను. కీళ్లు బలహీనమైన వయొలెట్, కండబలం ఉన్నవాళ్ల మధ్య బుద్ధిబలంతో నెగ్గుకురావడం నచ్చింది. కానీ ఆమె దగ్గర పెద్ద రహస్యం దాచిన నాయకుడి మీద వయొలెట్‌కు కోపమొచ్చింది. మరి చదివే పిల్లలకు వచ్చిందా? ఈ తరహా నవలల్లో 'విధి కలిపిన జోడీ' అనే మాట తరచూ వినిపిస్తుంది. మన ఇళ్లలో "రాసిపెట్టి ఉంది" అని ఆడపిల్ల నోరు మూయించే మాటా అదే కదా! డ్రాగన్ ఎక్కి వచ్చినంత మాత్రాన పెత్తనం ప్రేమైపోదు.

అలాగని పుస్తకం లాక్కుంటే ఏమవుతుంది? దుప్పట్లో దూరి చదువుతారు. మన కాలంలో మనం చేయలేదా? దాచడం, తిట్టడం కాదు, చదివి మాట్లాడాలి. పెద్ద విమర్శకులు తీరిక చేసుకునేదాకా ఆగనక్కర్లేదు. అందుకే నేను ఈ నవలల మీద సమీక్షలు రాయడం మొదలుపెట్టాను. ప్రతి పుస్తకాన్నీ మూడు ప్రశ్నలడుగుతున్నాను. నాయిక కాదంటే ఆ మాట చెల్లుతుందా? ప్రేమ కాక ఆమెకు మరో పని ఉందా? మాయ తీసేస్తే ఆ నాయకుడితో కాపురం చేయగలమా?

మూడోది వినగానే మా పిల్ల పగలబడి నవ్వింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "మా క్లాసుల ఒకడున్నడు చిన్నమ్మా..." అని మెల్లగా మొదలుపెట్టింది. ఆ రాత్రి పన్నెండు దాకా మాట్లాడుకున్నాం.

వెళ్లేరోజు బస్టాండులో రెండో నవల 'ఐరన్ ఫ్లేమ్' నా చేతిలో పెట్టింది. "చదివి రాయి. నేనూ రాస్తా. ఎవరిది కరెక్టో చూద్దాం" అంది.

మీ ఇంట్లో దిండు కింద ఏ పుస్తకం ఉందో, ఓసారి మీరూ చదివి చూడండి.