నాలుగు కాళ్ల జాగనే అంటరు, టేపు పెట్టి కొలువున్రి

అన్నలారా, రామగుండం చుట్టుపక్కల ఉండేటోళ్లకు కరెంటు ఎట్ల పుడతదో ఎవరూ చెప్పనక్కర్లేదు. గోదావరిఖని బొగ్గు, గోదారి నీళ్లు, ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, పక్కనే తెలంగాణ ప్లాంటు ఇంకో 1,600. అదంతా బయటికి పోవాలంటే మన చెలకల మీదికెళ్లే పోవాలె. లైను వద్దంటలేను. మన బోర్లకూ కరెంటు కావాలె.

కానీ కాంట్రాక్టరు మనిషి వచ్చి "నాలుగు కాళ్ల జాగనే కదా పటేలా, మిగిలింది నువ్వే దున్నుకో" అంటే నమ్మకున్రి. మా పొలంల గట్లనే అన్నరు. నాలుగు గుంతలు నిలువెత్తు కంటే లోతు తవ్విన్రు, కింద వెడల్పు దిమ్మె, మీదికి స్తంభం, అంతా కాంక్రీటే. అడుగు మొరం తెచ్చి నల్లరేగడి మీద పోసిన్రు. కాళ్ల నడుమ ట్రాక్టరు తిరగది, హార్వెస్టరు దగ్గరికే రాదు. పత్తి పోయిందని ఇంత చేతుల పెట్టి సంతకం తీసుకున్నరు. అది పంట పైసలు. భూమి పైసలు వేరే! అది నాకు అప్పుడు తెల్వదు.

2024 జూన్‌ల కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చూడున్రి. 2015ల టవర్ జాగకు భూమి విలువల 85 శాతమే ఉండె. ఇప్పుడు 200 శాతం. కాళ్ల నడుమ జాగ మొత్తం, ఇంకా ప్రతి పక్కకు మీటరు కలపాలె. కాలుకు కాలుకు 15 మీటర్లు అనుకుంటే 17 ఇంటూ 17, అంటే 289 చదరపు మీటర్లు. దగ్గర దగ్గర మూడు గుంటలు! నాలుగు కాళ్ల జాగ అంటే ఇదా? ఊళ్లల్ల తీగల కింది జాగకు 30 శాతం. రాష్ట్రం లైనైతే మాత్రం రాష్ట్రం ఆర్డరు ఏముందో ముందుగాల అడగాలె.

ఇగ "అడ్డుకుంటే పోలీసులొస్తరు" అనే బెదిరింపు. 2003 విద్యుత్ చట్టం 164 సెక్షన్ కింద వాళ్లకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు వస్తయి, నిజమే. అదే పాత చట్టంల నష్టం పూర్తిగా కట్టియ్యాలనీ ఉన్నది, పైసలు చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చనీ ఉన్నది. ఈ సగం మాత్రం ఎవరూ చదివి చెప్పరు.

అందుకే తెల్లకాగితం మీద సంతకం పెట్టకున్రి. పంటకెంత, భూమికెంత అని వేర్వేరుగ రాయించుకోన్రి. మార్కింగ్ కర్రలు పాతిన్నాడే ఫొటోలు తీసి, కొలతలతోని కలెక్టరాఫీసుల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోన్రి. ఇదంతా కాంక్రీటు లారీ గెట్టు దాటకముందే కావాలె. మీ ఊర్ల కర్రలు పాతితే కామెంట్ల చెప్పున్రి, టేపు పట్టుకొని నేనూ వస్త.