ప్రసూతి గదిలో ఒక తెలుగు మాట

సోలాపూర్ మహానగరపాలిక ఆరోగ్యాధికారి గారికి,

మా ఇల్లు పూర్వభాగంలో, మరమగ్గాల చప్పుడు ఆగని గల్లీలో ఉంది. తాతల నాడు తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలీలం. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. కాని కోడళ్లను ఇప్పటికీ సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి తెచ్చుకుంటాం.

మా కోడలూ అట్లా వచ్చిందే. రెండో కాన్పుకు ఇక్కడే ఉండిపోయింది. నొప్పులు మొదలైన రాత్రి ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. అది మీ పాలికది కాదు, పేరు చెప్పను. నన్ను తలుపు బయటే ఆపేశారు. లోపల నర్సమ్మ "కళా యేతాత్ కా?" అని అడిగింది. మరాఠీలో కళ అంటే పురిటినొప్పి. మా పిల్లకు తెలిసిన కళ ముఖంలో ఉండేదే. ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది. నొప్పులింకా రాలేదనుకొని నర్సమ్మ పక్క మంచం దగ్గరికి పోయింది. నొప్పి లేచినప్పుడల్లా పిల్ల "అత్తమ్మా" అంటుంటే తలుపు ఇవతల నాకు వినబడుతూనే ఉంది.

తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. ఆ నర్సమ్మ మీద నాకు కోపం లేదు, అన్ని మంచాలకూ ఆమె ఒక్కతే. కాని నేను పక్కనుంటే ఆ ఒక్క మాట విడమరిచి చెప్పేదాన్ని. సర్కారు దవాఖానల్లో కాన్పు వేళ, కాన్పు అనుభవమున్న ఆడమనిషిని తోడుంచవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. మీ ప్రసూతి గృహాల్లో ఆ తలుపు మాకు తెరిపించండి.

లోపల కాన్పు వేళ పుస్తెలతాడు తీయాల్సి వస్తే ఎందుకో చెప్పి, పక్కనున్న పెద్దదాని చేతికివ్వమనండి. మా పద్ధతులన్నీ మంచివని నేననను. మా అమ్మ నా ముర్రుపాలు పిండి పారబోయించింది, బాలింతనని మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చింది. అవి మానాల్సినవే. అయితే మరాఠీలో గద్దిస్తే తలూపి, ఇంటికొచ్చి మళ్లీ అదే చేస్తాం. మంచం మీద కూర్చొని తెలుగులో చెబితే మా ముసలివాళ్లూ వింటారు.

నొప్పి, ఉమ్మనీరు, ఊపిరి, రక్తం, ముక్కమ్మా, ఇంక ముక్కకు... ఇట్లాంటి మాటలు ముప్పై, పక్కన మరాఠీ అర్థంతో అట్టమీద రాసి పెట్టాను. చుట్టిన బీడీలు అప్పజెప్పి వచ్చాక మధ్యాహ్నం ఖాళీగానే ఉంటాను. కబురు చేయండి, తెచ్చిస్తాను.

ఇట్లు,
పూర్వభాగంలోని ఒక అత్తగారు