'మనవాళ్ళు' అంటే ఎవరు?

హిందీలో 'హమ్' ఒక్కటే, ఇంగ్లీషులో 'వి' ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. ఎదుటివారిని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. ఆ లెక్కన 'మనవాళ్ళు' అందరినీ దగ్గరకు తీసే మాట కావాలి. వాడుకలో అలా లేదు. "అతను మనవాడేనా?" అని గొంతు తగ్గించి అడిగితే, అడుగుతున్నది కులం. ఇంటిపేరూ, ఊరూ, తండ్రి పనీ అడిగేది తరచు ఆ జవాబు కోసమే.

ఆ మాట ఎంతదాకా పోతుందో మన తెనాలి ప్రాంతం చూసింది. 1991లో చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు మరొకరికి తగిలింది. గొడవ ఆ ఇద్దరితో ఆగలేదు. 'మనవాళ్ళు' అనుకున్నవారంతా కదిలారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు.

అయితే తప్పంతా బయటివాళ్ళదే అనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్లే. పీజీలో చేరాక మేమూ మెస్సులో 'మనోళ్ళ బల్ల' ఒకటి పెట్టుకున్నాం. కొత్తచోట భయం, తోడు కావాలి కదా! కొన్నాళ్ళకు, మన దళితుల్లోనే వేరే కులం తమ్ముడు కంచం పట్టుకుని నిలబడితే జరిగి చోటివ్వలేదు. అది ఇప్పటికీ గుచ్చుతోంది.

నిజాంపట్నం హాస్టల్లో పక్కపక్కన కూర్చుని తిన్నప్పుడు మేమెవరం ఇంటిపేరు అడగలేదు. తోడు కోసం చేరిన గుంపు తప్పు కాదు. తలుపు మూసుకున్న గుంపు తప్పు. తమ్ముళ్ళారా, రేపు మీరు ఎక్కడ చదివినా కొత్తగా వచ్చినవాడికి కాస్త జరిగి చోటివ్వండి. 'మేము' అనే మనమంతా 'మనం' అనడం అక్కడే మొదలవుతుంది.