చిన్న బండికి ఖరీదు పెట్రోలు దండగ

మదనపల్లె: టమోటా తోలే చిన్న వ్యాను బంకులోకి రాగానే కుర్రవాడు అడిగే మొదటి మాట "ఎంతకు కొట్టాలన్నా?" అని కాదు. "పవర్ కొట్టేదా అన్నా?" అని. పల్లెలో క్రేట్లు ఎత్తుకుని మార్కెట్ యార్డులో వేలానికి అందుకోవాలనే తొందరలో వున్న డ్రైవరు పాపం, "సరే కొట్టు" అంటాడు. లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ పడిన సంగతి రసీదు చూసుకుంటే తప్ప తెలియదు. తెలిసినా "పోనీలే, ఇంజనుకు మంచిదంట" అని సరిపెట్టుకునేవారే ఎక్కువ. ఆ మంచి ఏమిటో విచారించి చూసినవారు బహు తక్కువ.

లెక్క చూస్తే ఇది చిల్లర వ్యవహారం కాదు. రోజుకు 8 లీటర్లు తాగే బండికి లీటరుకు 8 రూపాయలు అదనమనుకుంటే రోజుకు 64 రూపాయలు. నెలలో 25 రోజులు తిరిగితే 1,600. ఏడాదికి 19,200 రూపాయలు. 7,500 కిలోల లోపు సరుకు రవాణా వాహనాలకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ బీమా రుసుమే 16,049 రూపాయలు. అంటే ఏడాది బీమా కట్టి, ఇంకా మూడు వేలు మిగిలే డబ్బును ట్యాంకులో పోస్తున్నారన్న మాట. ఫైనాన్సు వాయిదా ఒక్క నెల తప్పితే ఇంటిముందుకు మనిషి వచ్చే ఈ బతుకులలో 1,600 రూపాయలంటే ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

అసలు ఈ 'పవర్' అన్న మాటే జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నది. బంకు మీద రాసే 91, 95, 100 అనే అంకెలు బలానికి కొలత కావు. అవి ఆక్టేన్ సంఖ్యలు. పెట్రోలు ఎంత ఒత్తిడిని, వేడిని తట్టుకుని, స్పార్కు ప్లగ్గు నిప్పు రవ్వ ఇచ్చేదాకా తనంతట తాను అంటుకోకుండా వుంటుందో చెప్పే అంకె అది. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్ అనే ద్రవానికి సున్న అని పెట్టుకుని, ఆ రెంటి మిశ్రమంతో పోల్చి దీనిని నిర్ణయిస్తారు. అంతే తప్ప 95 రకంలో 91 రకం కన్నా నాలుగు పాళ్ళు బలం ఎక్కువ వుంటుందని అర్థం కాదు. లీటరు పెట్రోలు మండితే వచ్చే వేడి రెంటిలోను ఇంచుమించు ఒకటే. ఓపిక ఎక్కువ వున్న కూలీ, బలం ఎక్కువ వున్న కూలీ ఒకరే కాదు కదా.

ఓపిక ఎక్కువ వున్న పెట్రోలు ఏ ఇంజనుకు కావాలి? గాలిని బాగా అదిమిపెట్టే ఇంజనుకు, టర్బో వున్న కొన్ని కార్లకు, ఖరీదైన మోటారు సైకిళ్ళకు. వాటికి కంపెనీవారే ఫలానా ఆక్టేన్ వాడమని పుస్తకంలో రాస్తారు. అక్కడ తక్కువ రకం పోయడం తప్పు. చిన్న వ్యానుల సంగతి వేరు. టాటా ఏస్ 2005లో వచ్చినప్పుడు దానిది రెండు సిలిండర్ల డీజిలు ఇంజను. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఈ తరగతి బండ్లలో పెట్రోలు ఇంజన్ల జోరు పెరిగింది. ఏస్ పెట్రోలు ఇంజను 694 సీసీ. 2016లో డీజిలుతో మొదలైన మారుతీ సూపర్ క్యారీ కూడా పెట్రోలుకు మళ్ళింది. వీటిలో టర్బోలు లేవు, ఆర్భాటాలు లేవు. ఊరి బంకులో దొరికే సాదా పెట్రోలుతో బరువు లాగడానికే వీటిని తయారు చేశారు. స్పార్కు ఎప్పుడు పడాలో, పెట్రోలు ఎంత చిమ్మాలో లోపలి కంప్యూటరు ఆ లెక్కనే చూస్తుంది. ఖరీదు రకం పోసినంత మాత్రాన ఆ లెక్క మారి గుర్రపు శక్తులు పుట్టుకు రావు.

"అట్లయితే భాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు టక్ టక్ మని కొడుతుందే, పవర్ పోస్తే తగ్గిందే" అని వాదించే డ్రైవర్లున్నారు. వారి మాటను తోసిపుచ్చడానికి లేదు. తిరుపతిలో టమోటా దించి, తిరుగు బాడుగకు కిరాణా సరుకు వేసుకుని కనుమ ఎక్కే బండి మీద పడే భారం తక్కువేమీ కాదు. సిలిండరులో నిప్పు పూర్తిగా పాకకముందే మూలనున్న పెట్రోలు ఆవిరి తనంతట తాను భగ్గుమంటే వచ్చే మోతే అది. ఎక్కువ ఆక్టేన్ దానిని అణచగలదు, నిజమే. కాని మోత ఎందుకు వస్తున్నదన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. మూడో గేరులో లాగవలసిన చోట నాలుగో గేరులోనే ఈడ్చడం, అనుమతించిన బరువుకు ఒకటిన్నర రెట్లు వేయడం, రేడియేటరులో నీళ్ళు తగ్గి ఇంజను కాగిపోవడం, పిస్టను తల మీద మసి పేరుకోవడం, మెకానిక్కు ఏదో ఒక ప్లగ్గు బిగించి పంపడం - సాధారణంగా కారణాలు ఇవి. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా రోజూ మాత్ర మింగినట్లుగా వుంది ఖరీదు పెట్రోలు పోయడం. పైగా మోత వినబడటం మానేస్తే డ్రైవరు బరువు ఇంకాస్త పెంచుతాడు. ఒక గేరు తగ్గించి నెమ్మదిగా ఎక్కితే పైసా ఖర్చు లేదు.

ఈ సంగతి ఇక్కడివారికే కొత్త కాదు. కార్లలోనే పుట్టి పెరిగిన అమెరికాలోనూ ఇదే భ్రమ వున్నది. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో సాదా పెట్రోలుకు తయారైన నాలుగు, ఆరు, ఎనిమిది సిలిండర్ల ఇంజన్లలో ఖరీదు రకం పోసి పరీక్షలు చేయించింది. బలంలో గాని, మైలేజీలో గాని, పొగలో గాని చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. అవసరం లేకుండా ఖరీదు రకం పోయించుకున్న వాహనదారులు ఏడాదిలో కోటీ 65 లక్షల మంది వున్నారని, వారు వృథా చేసిన సొమ్ము 210 కోట్ల డాలర్లని ఆ సంస్థ అంచనా కట్టింది. (అక్కడి బంకులలో సాదా రకానికి 87 అని వుంటుంది. అది వారి కొలత పద్ధతి. ఇక్కడి 91కి ఇంచుమించు సమానం.)

ఇప్పుడు మరో విశేషం వున్నది. పెట్రోలులో 20 పాళ్ళు ఇథనాల్ కలపడం దేశమంతటా అమలులోకి వచ్చింది. ఇథనాల్‌కు సహజంగానే ఆక్టేన్ ఎక్కువ. బీఎస్-6 సాదా పెట్రోలు 91 ఆక్టేన్ వుండగా, 20 పాళ్ళ మిశ్రమంతో అది 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలోనే చెప్పింది. ఆ లెక్కన సాదా పంపులోనే 95 వస్తుండగా, 95 అని బోర్డు పెట్టిన పక్క పంపుకు అదనపు సొమ్ము ఇవ్వడం దేనికో కొనేవారే ఆలోచించుకోవలసి వుంది.

ఇథనాల్ వల్ల మైలేజీ తగ్గుతుందన్న ఫిర్యాదు మాత్రం ఉత్త పుకారు కాదు. లీటరు ఇథనాల్‌లోని వేడి శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. పాత ప్రమాణాలకు తయారైన నాలుగు చక్రాల వాహనాలలో 6 నుంచి 7 శాతం వరకు, కొత్త మిశ్రమానికి సర్దిన వాటిలో 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే వున్నది. ఈ బాధ తప్పించుకుందామని 95 రకానికి పోతే ఫలితం లేదు. అందులో ఇథనాల్ వుండదనుకోవడం పొరపాటు. ఇథనాల్ లేనిదని చెప్పి అమ్మేది 100 ఆక్టేన్ రకం. 2020 డిసెంబరులో ఢిల్లీలో దానిని విడుదల చేసినప్పుడు లీటరు 160 రూపాయలు. టమోటా బాడుగకు పోయేవాడు దాని జోలికి పోలేడు. అంతకన్నా పాత బండి అయితే పెట్రోలు గొట్టాలు, రబ్బరు సీళ్ళు ఒకసారి చూపించుకోవడం మేలు.

ఖరీదు రకంలో ఏమీ లేదనడమూ న్యాయం కాదు. ఇంజెక్టర్లను, వాల్వులను మసి పట్టకుండా శుభ్రపరిచే మందులు అందులో కలుపుతారు. మసి పట్టిన బండికి అవి కొంత ఉపకరిస్తాయి. కాని ఆ కొంత కోసం ఏడాది పొడవునా ప్రతి లీటరుకూ కట్నం చెల్లించాలా? ఈ ప్రాంతపు మట్టిదారుల్లో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడమే ఇంజనుకు మొదటి శత్రువు. దానిని వేళకు మార్చి, ప్లగ్గులు సరిచూసి, టైర్లలో గాలి సరిగా పెట్టించినవారికి కలిగే లాభం ఏ రంగు పెట్రోలూ ఇవ్వదు. నమ్మకం లేనివారు ఒకే బంకులో ట్యాంకు నిండుగా పోయించి, కిలోమీటర్లు రాసుకుని, సాదా మూడు ట్యాంకులు, ఖరీదు మూడు ట్యాంకులు అదే దారిలో నడిపి చూసుకోవచ్చు. ఒక్క ట్యాంకుతో తేల్చేస్తే అది పరీక్ష కాదు.

డీజిలు బండ్లవారు ఈ ఆక్టేన్ గొడవలో తలదూర్చనే అక్కరలేదు. వారికి సీటేన్ అనే వేరే కొలత వున్నది, బీఎస్-6 సాదా డీజిలుకే అది కనీసం 51 వుండాలి.

ఇక బంకుల సంగతి. పంపు దగ్గరి కుర్రవాడిని తిట్టి ప్రయోజనం లేదు. యజమాని అమ్మమన్నది అతడు అమ్ముతాడు. కాని కొన్నిచోట్ల అడగకుండానే ఖరీదు రకం గొట్టం తగిలించడం, "సాదా అయిపోయింది" అని చెప్పడం పరిపాటి అయిందని డ్రైవర్లు వాపోతున్నారు. అయిదు లీటర్ల ముద్ర పాత్రతో కొలిపించుకునే హక్కు, ఫిల్టరు కాగితం మీద చుక్క వేయించి నాణ్యత చూసుకునే హక్కు వినియోగదారునికి వున్నాయి. వేలం వేళకు పరుగెత్తేవాడు వాటిని అడుగుతూ నిలబడలేడు. కనుక తూనికలు కొలతల శాఖవారే తెల్లవారుజామున ఒకటి రెండుసార్లు యార్డు దారిలోని బంకులు చూసి రావడం అవసరం. రెండు రకాల ధరలూ పక్కపక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. సాదా రకం నిజంగా అయిపోయిన రోజున ఆ మాట గేటు దగ్గరే బోర్డు మీద పెట్టాలి. లైనులో నిలబడి, వంతు వచ్చి, ట్యాంకు మూత తీశాక చెప్పడం కాదు.