బొజ్జను వదిలి మీల్ మేకర్ మీద పడ్డారు

మీల్ మేకర్ తింటే మగతనం పోతుందట. ఛాతీ పెరుగుతుందట. ఎవడు చూశాడు? ఎవడూ చూడలేదు. జిమ్ కోచ్ అన్నాడు, బావమరిది వాట్సాప్‌లో పంపాడు. అంతే, పెళ్లి భోజనాల్లో మీల్ మేకర్ కుర్మా రాగానే అయ్యగారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేశారు. రాత్రయితే అదే అయ్యగారు క్వార్టర్ మీద క్వార్టర్ లాగిస్తారు. అతిగా తాగితే టెస్టోస్టెరాన్ పడిపోతుందన్నది ఎప్పుడో తేలిన సంగతి. పైగా ఆ బొజ్జ! కొవ్వులో ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మగ హార్మోనును ఈస్ట్రోజన్‌గా మార్చడమే దాని పని. ఈస్ట్రోజన్ కార్ఖానాను బెల్టు మీద మోస్తూ సోయా ముక్కకు జడిసే వీరుణ్ణి ఏమనాలి?

మీల్ మేకర్ తయారయ్యే సోయాలో ఐసోఫ్లేవోన్లున్న మాట నిజమే. వాటికి ఈస్ట్రోజన్ పోలికలూ ఉన్నాయి. కానీ పనిలో చాలా బలహీనం. మగవాళ్ల మీద జరిగిన 41 అధ్యయనాలను కలిపి 2021లో లెక్కగడితే టెస్టోస్టెరాన్ తగ్గిందీ లేదు, ఈస్ట్రోజన్ పెరిగిందీ లేదు. పుకారు రాయుళ్లు పట్టుకు వేలాడే కేసు ఒకటుంది. 2008లో వైద్య పత్రికకెక్కింది: 60 ఏళ్లాయనకు ఛాతీ పెరిగింది. ఆయన తాగింది రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయా పాలు! మానేశాక హార్మోన్లు దారికొచ్చాయి. ఈ రెండు ముక్కలూ మాత్రం ఎవడూ ఫార్వర్డ్ చెయ్యడు.

మరికొందరికి మీల్ మేకర్ అంటే నూనె తీసేసిన పిప్పి, కోళ్ల దాణా. ఔను, దాణాయే. ఆ దాణా తిన్న కోడినే కదయ్యా ఆదివారం క్యూలో నిలబడి తెచ్చుకునేది! ఎండు మీల్ మేకర్ బరువులో సగం ప్రోటీనే. ఓ 30 గ్రాములు వేడినీళ్లలో నానేసి, నురగ పోయేదాకా పిండి, అల్లంవెల్లుల్లి మసాలాలో మగ్గనిస్తే రెండు గుడ్లను మించిన ప్రోటీన్. బియ్యంలో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో దండిగా ఉంది. పూటపూటా తెల్లన్నమే దిక్కయిన కూలి ఇంట్లో మటన్ వండుతారా? ఆ ఇంటి పిల్లాడి కంచంలోంచి ఉన్న ఆ కాస్త బలాన్నీ ఈ పనికిమాలిన భయం లాగేస్తోంది. నా కోపమంతా అందుకే.

జాగ్రత్తలు లేవనను. సోయా గింజలు పచ్చివి తినకూడదు, బాగా ఉడకాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటలు ఎడం పెట్టాలి. అలర్జీ ఉన్నవాళ్లు ముట్టకూడదు. ఇవి డాక్టరు చెప్పే మాటలు. కోచ్ చెప్పేది వేరు: సోయా మానెయ్, నా దగ్గర పౌడర్ డబ్బా కొను, వేలు తియ్. అలాంటి డబ్బాలు చాలావాటి మీద, వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘సోయా లెసిథిన్’ అనే ఉంటుంది. కోచ్‌గారే చదివి వినిపించాలి.