ఆగిపోయిన అక్కల పేర్లు కూడా పిలవాలి



పదో తరగతి అక్కలకు వీడ్కోలు సభ దగ్గర పడింది. మార్చిలో పరీక్షలు రాసి వాళ్ళు వెళ్ళిపోతరు. ప్రతి ఏడు సభలో మార్కులు ఎక్కువ వచ్చిన వాళ్ళ గురించే మాట్లాడతరు. మార్కులు వద్దని నేను అనను. లెక్కల్లో నాకే సరిగ్గ రావు, అందుకని రాస్తున్నదని అనుకోవద్దు.

నేను ఐదో తరగతిలో చేరినప్పుడు మూడు రోజులు ఏడ్చిన. మా పెంటలో రాత్రి మంట పక్కన పడుకుంటం. ఇక్కడ ట్యూబులైటు వెలుగుకు నిద్ర రాకపోయేది. అప్పుడు ఆరో తరగతి అక్క ఒకామె తన దుప్పటి కప్పి పక్కన పడుకోబెట్టుకుంది. ఒత్తులు ఎట్ల రాయాలో మట్టిల పుల్లతో గీసి చూపించింది. మా అమ్మ ఇప్పటికీ వేలిముద్రనే వేస్తది. నాకు ఒత్తులు వచ్చినయంటే ఆ అక్క వల్లనే. ఖోఖోలో ఆమెను ఎవరూ అందుకోలేకపోయేవాళ్ళు. బతుకమ్మ పండుగకు తంగేడు పువ్వు ఏ గట్టున బాగ పూసిందో ఆమెకే తెలిసేది.

ఎనిమిదో తరగతిలో దసరా సెలవులకు పోయిన అక్క మళ్ళీ రాలేదు. వాళ్ళ అమ్మకు బాగలేదంట, చిన్న తమ్ముళ్ళను చూసేవాళ్ళు లేరంట. రిజిస్టర్ల పేరు కొట్టేసిన్రు. సభలో పిలిచే పేర్లలో కూడా ఆమె పేరు లేదు. అట్ల మధ్యల ఆగిపోయిన అక్కలు ఇంకా ఉన్నరు.

"చదువు మానేసిన వాళ్ళను పిలిచి ఏం లాభం" అని ఒకరు నాతో అన్నరు. మాలావత్ పూర్ణ అక్క 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. గురుకులంల చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. అప్పుడు ఆమెకు పదమూడేళ్ళే, నా కంటే ఒక ఏడు చిన్నది. ఆమె పేరు చెప్తే మనకు ధైర్యం వస్తది కదా! మరి మన బడిలనే మనకు అక్షరం నేర్పిన వాళ్ళ పేరు ఎందుకు చెప్పం? పేరు పిలిస్తే వాళ్ళకు కూడా మళ్ళీ చదవాలని అనిపిస్తదేమో. ఓపెన్ స్కూల్ ద్వారా పది రాయొచ్చని మేడమ్ చెప్పిన్రు. ఆ సంగతి ఆ అక్కకు ఎవరు చెప్పాలె?

పోయిన ఆదివారం నన్ను చూడటానికి మా నాన్న వస్తే కబురు పంపిన. మన్ననూరు దాకా వస్తే అక్కడి నుంచి అమ్రాబాద్‌కు బస్సు దొరుకుతదని చెప్పమన్న. మీకు తెలిసిన అక్కలు ఉంటే మీరు కూడా పంపండి. సభ రోజు ఒక చాప ఎక్కువ పరుద్దాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని