దాదీసా కమాయి

2021 జూలై 16, జుమా రోజు. బక్రీద్‌కి ఇంకా అయిదు రోజులుంది. పొద్దున్నే డెస్క్ నుంచి ఫోన్. "అన్నా, సురేఖా సిక్రీ పోయిందంట. గుండెపోటు. అదే, చిన్నారి పెళ్లికూతురు బామ్మ. గంటలో మూడు ఐటమ్స్ కావాలి. ఒకటి జీవితం, ఒకటి ఫొటోలు, ఒకటి ఆస్తి ఎంత అన్నది."

మూడోదాని దగ్గర నాకేం ఆశ్చర్యం కలగలేదు. పోయింది ఎవరైనా, పెళ్లి చేసుకున్నది ఎవరైనా, విడాకులు తీసుకున్నది ఎవరైనా ఆ మూడో ఐటమ్ ఉండి తీరాలి. జనం వెతికేదే అది. ఆడమనిషి అయితే ఇంకా ఎక్కువ వెతుకుతారు. ఆ ఐటమ్ ఎలా తయారవుతుందో మీకు చెప్తాను, నా బిరాదరీ వాళ్లే కదా, దాచడమెందుకు. ఒక ఇంగ్లీషు సైట్‌లో ఒక అంకె ఉంటుంది. ఆ సైట్ దాన్ని ఇంకో సైట్ నుంచి ఎత్తుకుని ఉంటుంది. రెండు చోట్ల ఉంది కాబట్టి "సమాచారం" అంటాం. ఆమె ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితం చూసినోడు ఎవడూ లేడు. మన దేశంలో ఒక నటి ఆస్తి నలుగురికీ తెలిసేది ఆమె ఎన్నికల్లో నిలబడి అఫిడవిట్ ఇచ్చినప్పుడే. రోజా, జయప్రద, హేమమాలిని లెక్కలు అలా బయటికొచ్చినవే. మిగతాదంతా హవా.

ఆ రోజు నేను రాశాను. ఝూట్ చెప్పను. ఇన్ని కోట్లు అని రాశాను, కింద నా పేరు పెట్టుకున్నాను, నమాజ్‌కి వెళ్లిపోయాను.

తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆమె నాకు తెలియని మనిషి కాదు. అంటే, నేనెప్పుడూ కలవలేదు. కానీ కర్నూలులో ఉర్దూ మీడియం స్కూల్లో చదివిన పిల్లగాడికి ఆమె ఒక ఉస్తానీ లాంటిది. మా ఉర్దూ సార్ క్లాసులో 'ఖాఫ్' గొంతు లోపల్నుంచి రాకపోతే వేళ్లమీద స్కేలుతో కొట్టేవారు. దక్కనీ మాట్లాడే మా నోళ్లకి ఆ తలఫ్ఫుజ్ ఎక్కడొస్తుంది? దూరదర్శన్‌లో 'మమ్మో' చూసినప్పుడు ఫయ్యూజీ వేషంలో ఆమె నోటి నుంచి ఆ అక్షరం అలవోకగా దొర్లింది. పుట్టుకతో ఆమె ముసల్మాన్ కాదు. చిన్నతనం ఆల్మోడా, నైనీతాల్ కొండల్లో గడిచింది, చదువు అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో. ఆ నోటికి ఆ లహజా ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. 1971లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా నుంచి బయటికొచ్చి, అక్కడి రెపర్టరీలోనే పదేళ్లకు పైగా నాటకాలు వేసింది. నాటకాలు వేసినోళ్ల జేబు సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

'తమస్'లో ఆమె రాజో. దేశం ముక్కలైన రోజుల్లో ప్రాణం చేతబట్టుకుని వచ్చిన ముసలి సిక్కు జంటకి తలుపు తీసే ముస్లిం ఆడమనిషి. తన ఇంటి మగవాళ్లు ఏమంటారో తెలిసీ తీస్తుంది. ఆ వేషానికి 1988లో నేషనల్ అవార్డు వచ్చింది. 'మమ్మో'కి 1995లో రెండోది. 'బధాయి హో'కి మూడోది. 2019 డిసెంబర్‌లో ఢిల్లీలో చక్రాల కుర్చీలో వచ్చి తీసుకుంది, హాలంతా లేచి నిలబడింది. షోహరత్ అంటే ఇదే.

ఇప్పుడు హిసాబ్ చూద్దాం. సహాయనటి అవార్డు కింద వెండి కమలంతోపాటు ఇచ్చే నగదు మొదటి రెండుసార్లూ పదేసి వేలు, మూడోసారి యాభై వేలు. ముప్ఫై ఏళ్లలో మూడు జాతీయ అవార్డులు, మొత్తం 70,000 రూపాయలు. ఇది సర్కారు లెక్క, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇక 'బధాయి హో' వంద కోట్లు దాటిన సినిమా. ఆ దాటిన కోట్లకీ అందులో నటించిన ముసలావిడ కూలికీ లంకె ఏమీ ఉండదు. ముందు మాట్లాడుకున్నదే ఆమెది. తర్వాత సినిమా ఆడినా, ఆడకపోయినా అంతే.

ఆమెకి దేశమంతా ముఖం తెచ్చింది అవార్డులు కాదు, సీరియల్. 'బాలికా వధు' 2008 జూలైలో మొదలైంది, 2016 జూలై దాకా నడిచింది. మొదలైనప్పుడు ఆమెకి 63 ఏళ్లు. ఆ మరుసటి ఏడాదే శోహర్ పోయారు. మన ఇళ్లల్లో ఆ వయసు బేవాని ఏం చేస్తాం? ఒక మూల మంచం వేసి, తస్బీ చేతికిచ్చి, "ఆరామ్ కరో అమ్మా" అంటాం. ఆమె పొద్దున్నే మేకప్ కుర్చీలో కూర్చుని ఏళ్ల తరబడి కళ్యాణీదేవిగా గర్జించింది.

మా దాదీ ఆ సీరియల్‌ని తెలుగులోనే చూసేది, మా టీవీలో. హిందీ వస్తుంది కదా దాదీ అంటే వినేది కాదు. పక్కింటి రెడ్డమ్మ కూడా వచ్చి కూర్చునేది, ఆమెకి హిందీ రాదు, అదీ సంగతి. మగ్రిబ్ అయిపోయిందంటే ఇద్దరూ టీవీ ముందే. మా దాదీకి పన్నెండేళ్లకి నికాహ్ అయింది. తెరమీద ఆ బామ్మ చిన్నపిల్లని కసురుతుంటే మా దాదీ వేలు చూపించి, "ఏ బుడ్ఢీ మేరీచ్ సాస్ హై రే" అనేది. ఈ ముసల్ది మా అత్తేరా అని. తిట్టుకుంటూనే ఒక్క రోజు కూడా తప్పకుండా చూసేది.

నాకు మాత్రం ఏదో వెలితి. ఆ ముఖం ఉంది, ఆ కళ్లున్నాయి, గొంతు లేదు. తెలుగులో ఇంకెవరో చెప్పారు, బాగానే చెప్పారు. కానీ నేను ఖాఫ్ నేర్చుకున్న గొంతు తీసేసి ముఖం ఒక్కటే మన దగ్గరికి పంపారు. పైసల సంగతి ఇంకా విచిత్రం. మన దగ్గర మామూలుగా రాసుకునే ఒప్పందాల్లో, సీరియల్‌ని ఇంకో భాషలోకి తీసుకెళ్లి అమ్ముకుంటే నటీనటులకి పైసా రాదు. పదిసార్లు మళ్లీ వేసుకున్నా అంతే. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. పాట రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి రాయల్టీ హక్ గట్టిపడింది. గాయకులు కూడా సొసైటీ పెట్టుకుని వసూలు మొదలుపెట్టారు. ముఖం అమ్ముకునేవాళ్లు మాత్రం రోజు కూలి దగ్గరే ఆగిపోయారు. అమెరికాలో నటులు 1960లో సమ్మె చేసి సినిమాలు టీవీలో వేసినప్పుడల్లా తమకూ వాటా రావాలని సాధించుకున్నారు. అరవై ఏళ్లు దాటింది. మన దగ్గర ఇంకా ఆ గుఫ్తగూ కూడా సరిగా మొదలు కాలేదు.

సీరియల్ కూలి అంటే తెలుసా? రోజు లెక్క. పిలిచిన రోజుకే పైసలు. రోజంటే పన్నెండు గంటలు. కథలో మీ పాత్ర ఊరెళ్లిందంటే మీ ఇంట్లో పొయ్యి కూడా ఊరెళ్లినట్టే. చేసిన పనికి పైసలు తొంభై రోజుల తర్వాత. టీవీ పరిశ్రమలో అది ఎవరూ సిగ్గుపడని రివాజు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చెయ్యమన్న హదీస్ మనలో ఎంతమంది దుకాణాల్లో ఫ్రేము కట్టి ఉందో! తొంభై రోజులకి ఏ చెమటైనా ఆరుతుంది. (ఫ్రేము కట్టిన దుకాణాల్లో కూడా ఆడపిల్లల జీతం పదో తారీఖు దాకా ఆగడం నేను చూశాను. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

2018 చివర మహాబలేశ్వర్‌లో షూటింగ్‌లో ఉండగా ఆమెకి స్ట్రోక్ వచ్చింది. కోలుకుని మళ్లీ పనిలోకి వచ్చింది. 2020లో లాక్‌డౌన్. మే చివర మహారాష్ట్ర సర్కారు షూటింగులకి అనుమతి ఇస్తూ ఒక షరతు పెట్టింది: అరవై అయిదు దాటినవాళ్లు సెట్ మీదికి రాకూడదు. మంచికేనన్నారు. రోజు కూలి మీద బతికే ముసలి నటులకి అది పొయ్యిలో నీళ్లు పోయడమే. అప్పుడు ఆమె వయసు 75. ఆమె పైసల సాయం అడుగుతోందని వార్తలు వచ్చాయి. ఆమె వెంటనే కాదంది. నాకు దానం వద్దు, పని కావాలి, గౌరవంగా సంపాదించుకుంటాను, మందుల ఖర్చులున్నాయి, ఒకటీ అరా ప్రకటనలతో సరిపోవడం లేదు అన్న అర్థం వచ్చేలా చెప్పింది. ఒక వృద్ధ నటుడు హైకోర్టుకి వెళ్లాడు. మిగతా రంగాల్లో లేని ఆంక్ష సినిమావాళ్లకే ఎందుకని అడిగి బొంబాయి హైకోర్టు ఆగస్టు 7న ఆ షరతు కొట్టేసింది. నెల తిరిగేసరికి, సెప్టెంబర్‌లో, ఆమెకి రెండో స్ట్రోక్.

కాబట్టి ఆ జుమా రోజు నేను "కోట్లు" అని రాసింది ఎవరి గురించి? పదకొండు నెలల ముందు పని కోసం గొంతెత్తిన ఆడమనిషి గురించి.

మనవాళ్లలో ఒక మంచి గుణం ఉంది, కాదనను. రంజాన్‌లో జకాత్ తీస్తాం, ఫిత్రా ఇస్తాం, బేవాలకి బియ్యం బస్తా పంపుతాం. ఖైరాత్ ఇచ్చే చెయ్యి మనది పెద్దదే. కానీ అదే బేవా వచ్చి "బియ్యం వద్దు భాయ్, మీ దుకాణంలో పని ఇప్పించండి" అంటే మన ముఖాలు ఎలా మారతాయి? చెయ్యి చాచిన ఆడది మనకి మజ్లూమ్, కూలి అడిగిన ఆడది బేషరమ్. సురేఖా సిక్రీ అడిగింది రెండోది. అందుకే నాకు ఆ మూడు అవార్డులకంటే ఆ మాట పెద్దదనిపిస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న ఈద్ తర్వాత మా చెల్లెలింట్లో పెద్ద పంచాయితీ అయింది. నా భాంజీకి ఇరవై రెండు. డిగ్రీ అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక తెలుగు సీరియల్‌కి ఆడిషన్ ఇచ్చి వచ్చింది, ఎంపికైంది కూడా. హీరోయిన్ స్నేహితురాలి వేషం. ఇంట్లో చెప్పేసరికి షీర్‌ఖుర్మా గిన్నెలు కింద పెట్టేశారు అందరూ.

వాళ్ల చాచా మొదటి మాట: "లోగ్ క్యా బోలింగే?" రెండో మాట: "కిత్నా దేరై?" నేను ఈ రెండూ వరుసగా రావడం గమనించాను. యాక్టింగ్ జాయిజా, నాజాయిజా అని ఫత్వా ఇవ్వడం నా పని కాదు, దానికి ముఫ్తీసాబ్‌లున్నారు. కానీ ఒక్కటి అడగకుండా ఉండలేకపోయాను. "భాయ్, ఆ సీరియల్ మీ ఇంట్లో రాత్రి ఇషా తర్వాత రోజూ ఆడుతోంది. చూడ్డం జాయిజ్ అయ్యి, చెయ్యడమే నాజాయిజ్ ఎట్లయింది?" ఆయన పాన్ డబ్బా మూత తెరిచి మళ్లీ మూశారు.

పిల్ల చెప్పిన లెక్క ఇది. రోజుకు రెండు వేల అయిదొందలు. నెలకు పది రోజులు పిలవొచ్చంటున్నారు, గ్యారంటీ లేదు. పిలిస్తే ఇరవై అయిదు వేలు. పది శాతం టీడీఎస్ పోతే ఇరవై రెండున్నర. బట్టలు తనవే తెచ్చుకోవాలి, ఒకటి కట్టింది మళ్లీ కట్టకూడదు. హాస్టల్, ఆటో ఖర్చులు వేరే. మొదటి చెక్కు నాలుగో నెలలో. అంటే మూడు నెలలు వాళ్లమ్మ తన కుట్టుమిషన్ మీద సంపాదించిన పైసలు హైదరాబాద్ పంపాలి.

"ఇంతేనా?" అన్నారు చాచా. "ఈమాత్రానికి ఇజ్జత్ పోగొట్టుకోవాలా?" అంటే, లక్షలొస్తే ఇజ్జత్ సంగతి వేరేగా మాట్లాడుకునేవాళ్లమేమో! తర్వాత, నికాహ్ అయ్యాక ఆ పైసలు ఎవరికి చెందుతాయన్న చర్చ మొదలైంది. పిల్లకి ఇంకా రిష్తానే రాలేదు. అక్కడ నేను కొంచెం గొంతు పెంచాను. ఆడది సంపాదించింది ఆడదానిదే. సూరా నిసాలో ఉన్న మాటే, నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మెహర్ మీద ఎట్లా శోహర్‌కి హక్ లేదో, కమాయి మీదా లేదు. ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె మంచితనం. మేం దీన్ని మిలాద్ తఖ్రీరుల్లో చప్పట్లు కొట్టి వింటాం, ఇంటికొచ్చి ఏటీఎం కార్డు మగాడి జేబులో పెట్టుకుంటాం. మా చెల్లెలు ఆ మాటకి తలెత్తి చూసింది. పదిహేనేళ్లుగా ఆమె కుట్టిన పైసలు ఎవరి చేతిలో ఉంటున్నాయో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

రాత్రి పిల్లని కూర్చోబెట్టి, సంతకం పెట్టేముందు అడగాల్సినవి ఒక కాగితం మీద రాసిచ్చాను. నెలకి కనీసం ఇన్ని రోజులు అని రాసిస్తారా. పైసలు తొంభై రోజులకా, ముప్ఫైకి చెయ్యొచ్చా. వేరే భాషలో, ఓటీటీలో వేసుకుంటే నీకేమైనా వస్తుందా. సెట్ మీద దెబ్బ తగిలితే, జ్వరమొస్తే ఖర్చు ఎవరిది. సీరియల్ మధ్యలో ఆగిపోతే బాకీ ఎన్ని రోజుల్లో ఇస్తారు. అడిగినందుకు నిన్ను తీసేసే అవకాశం ఉంది, అది కూడా తెలుసుకుని అడుగు అన్నాను.

ఆమె కాగితాన్ని ఫొటో తీసుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సురేఖా సిక్రీ సంగతి చెప్పాను, అవార్డుల డెబ్బై వేలూ, కోర్టూ, స్ట్రోకూ, అంతా. వింటూనే ఫోన్‌లో ఏదో వెతికింది. స్క్రీన్ నా వైపు తిప్పింది.

"మామూ, ఇక్కడ ఆమెకి కోట్లున్నాయని రాశారే?"

కింద నా పేరుంది.